అష్టమి నాడు చేతికొచ్చిన ఫార్టీఫోర్

ఎవరికి చెప్పినా చివరికి ఒక్కటే మాట. రెండు రోజులు ఆగితే నీ సొమ్మేం పోయేది అని. పెద్దాయన కదా, వాళ్ళావిడ నోరు తెరిచి అడిగింది కదా, ఆ మాత్రం ఆగలేకపోయావా అని. మొన్న నాటింగ్‌హామ్‌లో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర, నేనెప్పుడూ చూడని అంకుల్ ఒకాయన పులిహోర ప్లేటుతో నా పక్కకొచ్చి కూర్చుని మరీ ఇదే అడిగాడు. ఏం పోయేదో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకిక లేదు. మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. చదివి, ఆ తర్వాత అడగండి.

గొడవంతా ఒక రివాల్వర్ గురించి. ఫార్టీఫోర్, అంటే దాని గుండు సైజు. చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి లాగేంత బరువు, ఎనిమిది అంగుళాల గొట్టం, ట్రిగ్గర్ చుట్టూ ఇత్తడి గార్డు. పాతకాలపు రివాల్వర్‌కి నకలుగా ఇటలీలో చేసింది. ఇంగ్లండులో పిస్టల్ ఎట్లా ఉంటుందని అడిగేవాళ్ళు చాలామంది. మామూలు పిస్టళ్ళు ఇక్కడ నిషేధమే. కానీ తూటా లేకుండా, ముందునించి మందూ సీసపు గుండూ కూరుకుని పేల్చే పాతరకం రివాల్వర్‌ని పోలీసులిచ్చే సర్టిఫికెట్‌తో ఉంచుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ చేతికి రావడమే ఒక యజ్ఞం.

నేను 2010లో నాటింగ్‌హామ్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాను. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. కోపం ఎక్కువ. దాన్ని దాచిపెట్టే తెలివీ లేదు. హౌస్‌మేట్‌తో గిన్నెల గురించి, ఇల్లు అద్దెకిప్పించిన ఏజెంటుతో బూజు గురించి, కాల్ సెంటర్లలో ఎవరెవరితోనో, రోజూ ఏదో ఒక రగడ. ఫోన్ చేతిలో లేకపోతే గోళ్ళు కొరుకుతాను. అట్లాంటివాణ్ణి క్లాస్‌మేట్ ఒకడు ఊరి బయట ఉన్న షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళాడు. అతను రెండుసార్లు వచ్చి మానేశాడు. నేను మానలేదు.

డాక్టరు అంకుల్ని అక్కడే చూశాను. ఆ రోజు బ్యాంకువాడు ఫోన్లో నన్ను నలభై నిమిషాలు హోల్డులో పెట్టి లైన్ కట్ చేశాడు. నేను షెడ్డు వెనక నిలబడి హైదరాబాదు భాషలో వాణ్ణి, వాడి పైవాణ్ణి వరసగా తిడుతున్నాను. వెనకనించి ఒక గొంతు వినిపించింది.

"అబ్బాయ్, ఈ క్లబ్బు మొత్తమ్మీద ఆ మాటకి అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత నాకొక్కడికి వినబడేట్టు తిట్టుకుంటే చాలు."

తిరిగి చూస్తే తెల్లమీసాలు, మెడలో చెవులకి పెట్టుకునే మఫ్స్, వేళ్ళనిండా మసి. గుంటూరువైపు మనిషి. డెబ్బయ్‌కి దగ్గర్లో ఉంటాడు. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజే తన రివాల్వర్ నా చేతికిచ్చాడు.

"ముందు ఫోన్ జేబులో పెట్టు. మందు దగ్గర ఫోన్ పట్టుకున్నావంటే నిన్ను నేనే పేల్చేస్తాను."

ఆరు గదులుంటాయి చక్రంలో. ఒక్కోదాంట్లో కొలిచి మందు పోయాలి. దానిమీద సీసపు గుండు పెట్టి, కింద ఉన్న మీట లాగి కూరాలి. పైన గ్రీజు రాయాలి. ఆరూ అయ్యాక వెనక, మందుకి నిప్పందించే ఆరు చిన్న రాగి టోపీలు తొడగాలి. ఆరు దెబ్బలకి ఇంత పని. అవి అయిపోయాక మళ్ళీ మొదటినించి. తొందరపడితే మందు ఒలుకుతుంది, గుండు వంకర కూర్చుంటుంది. నాలాంటివాడికి అది చచ్చే విసుగు పుట్టించాలి. పుట్టించలేదు. మొదటి దెబ్బకి తెల్లటి పొగ కమ్మి, ఎదురుగా ఉన్న టార్గెట్ కూడా కనబడలేదు. పొగ పోయేదాకా ఊరికే నిలబడ్డాను. అట్లా ఊరికే నిలబడి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు రాలేదు. అప్పట్నించీ నాకు ఆ రివాల్వరే కావాలి. వేరేది కాదు, అదే.

"అమ్ముతారా అంకుల్?" అని ఆ వారమే అడిగాను.

"నేను పోయాక మీ ఆంటీని అడుగు" అన్నాడు.

కోర్సయ్యింది. లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. నెలకో ఆదివారం నాటింగ్‌హామ్ వెళ్ళేవాణ్ణి. సొంత సర్టిఫికెట్ కోసం అప్లై చేశాను. దానికి తుపాకీ పెట్టుకునే స్టీలు లాకరు గోడకి బిగించాలి. నా ల్యాండ్‌లార్డ్ గోడకి మేకు కూడా కొట్టనివ్వనన్నాడు. ఆయనతో గొడవపడి ఫ్లాటు మారాను. కొత్త ల్యాండ్‌లార్డ్ ఒప్పుకున్నాడు. మా జీపీ, అంటే మా ఏరియా డాక్టరు, నా ఆరోగ్యం గురించి రాసివ్వడానికి నెలలు పట్టింది. ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసునించి ఇంటికొచ్చినావిడ సోఫాలో కూర్చుని, మీకు కోపం తొందరగా వస్తుందా అనడిగింది. ట్రాఫిక్‌లో వస్తుంది మేడమ్ అన్నాను. నవ్వి రాసుకుంది. ఏం రాసుకుందో ఇప్పటికీ తెలియదు. మొత్తానికి సర్టిఫికెట్ వచ్చింది. దానిమీద ఒక పాయింట్ టూటూ రైఫిలు కొనుక్కున్నాను. బల్లమీద ఆనించి, బైనాక్యులర్‌లాంటి స్కోపులోంచి చూసి కాల్చేది. మంచి రైఫిలే, కానీ దానిమీద ప్రేమ పుట్టలేదు.

2016 వేసవిలో డాక్టరు అంకులే ఫోన్ చేశాడు.

"ఏవోయ్, ఇంకా కావాలా నీకా గుదిబండ?"

"ఏ గుదిబండ అంకుల్?"

"ఎన్నున్నాయి నా దగ్గర. బొటనవేలు హ్యామర్ లాగనంటోంది. గురి చూద్దామంటే గొట్టం చివరున్న గుర్తు కళ్ళకి కనబడదు. జీవితమంతా వాళ్ళ కీళ్ళూ వీళ్ళ కీళ్ళూ చూశాను, ఇప్పుడు నా వేళ్ళు నాకు ఫీజు వసూలు చేస్తున్నాయి. నీ రైఫిలు నాకిచ్చెయ్, దానికి స్కోపుంది కదా. ఇది నువ్వు తీసుకో. చెల్లుకి చెల్లు."

నేను వీధిలో ఉన్నాను. అక్కడే ఒక గోడమీద కూర్చున్నాను. సరేనన్నాను. ఇద్దరి సర్టిఫికెట్ల మీదా ఇచ్చిపుచ్చుకునే తుపాకులకి ముందే అనుమతి ఉండాలి కాబట్టి మళ్ళీ ఇద్దరం రాసి పంపాం. అక్టోబరు మొదట్లో ఇద్దరికీ వచ్చింది. ఆ వచ్చే ఆదివారం నేను వెళ్ళేట్టు అనుకున్నాం.

నియమం చాలా చిన్నది. తుపాకీ చేతులు మారేది ఎదురెదురుగా. ఇచ్చేవాడు తీసుకునేవాడి సర్టిఫికెట్‌లో తన చేత్తో ఏం ఇచ్చాడో, ఏ రోజు ఇచ్చాడో రాసి సంతకం పెట్టాలి. తరవాత వారంలోగా ఇద్దరూ ఎవరి కౌంటీ లైసెన్సింగ్ ఆఫీసుకి వాళ్ళు తెలియజేయాలి. అంతే.

ఆ ఆదివారం పొద్దున్నే అద్దెకారు తీసుకుని, వెనక డిక్కీలో రైఫిలు పెట్టి తాళం వేసి బయల్దేరాను. తలుపు తీసింది ఆంటీ. వంట వాసన వీధిదాకా ఉంది. ముందు టిఫిన్ పెట్టింది. అంకుల్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి, దానిమీద రివాల్వర్ పెట్టి ఉంచాడు. నూనె రాసి తుడిచి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు. నేను ఫోన్ తీసి ఫొటోలు తీస్తుంటే అంకుల్ అన్నాడు.

"ఎక్కడా పెట్టకు. పెడితే దొంగలకి అడ్రసు ఇచ్చినట్టే."

"నా కోసం మాత్రమే అంకుల్."

అప్పుడు ఆంటీ వంటింట్లోంచి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇవాళ ఇచ్చేస్తున్నారా?"

"మరి అతనొచ్చిందెందుకు?"

"ఇవాళ అష్టమి."

అంకుల్ నావైపు చూశాడు. నేను అంకుల్ వైపు చూశాను.

"రేపు నవమి," అంది ఆంటీ. "మంగళవారం దశమి. విజయదశమి నాడు ఆయుధం చేతికి తీసుకుంటే ఎంత మంచిది బాబూ. ఆ రోజు పూజ చేసి ఇస్తాం. అష్టమి నాడు ఎవరైనా ఇంట్లోంచి ఆయుధం పంపిస్తారా?"

"ఆంటీ, నాకు రేపు ఆఫీసున్నది. మంగళవారం రిలీజున్నది. లీవ్ అడిగితే మా మేనేజర్ నన్నే రిలీజ్ చేస్తడు."

"ఒక్క రోజే కదా నాయనా."

"ఒక్క రోజు కాదాంటీ. నూటపది మైళ్ళు వచ్చిన. మళ్ళ కారు తీసుకోవాలె, మళ్ళ రావాలె. మీరు నాకు శుక్రవారమే చెప్తే నేను వచ్చేటోణ్ణే కాదు."

గొంతు పెరిగింది. పెరిగిందని నాకు తెలుసు. నేనెంత నెమ్మదిగా మాట్లాడాననుకున్నా ఎదుటివాళ్ళకి వేరేగా వినబడుతుంది. ఆంటీ లోపలికెళ్ళింది. అంకుల్ తువ్వాలు అంచు మడతపెట్టాడు.

"ప్రస్థానం పెట్టడం అని తెలుసా నీకు?"

"తెల్వదు."

"మంచిరోజు ముందే వచ్చి, ప్రయాణం తరవాతుందనుకో. మంచిరోజున ఓ సంచి తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టొచ్చేవాళ్ళు. సంచి వెళ్ళింది కాబట్టి ప్రయాణం మొదలైనట్టే లెక్క. మా నాన్న నన్ను మెడికల్ కాలేజీకి పంపినప్పుడు అట్లాగే చేశాడు. ఇదీ అంతే. మనం తిరగేసి పెడదాం. ఇవాళ నువ్వు దీన్ని పట్టుకెళ్ళు, దశమికి తీసుకున్నట్టు."

"మీరేమనుకున్నా సరే అంకుల్. నాకు రివాల్వర్ చాలు."

ఇదే మాట అన్నాను. మీరేమనుకున్నా సరే అని. కాదనను. కానీ ఆయన ఆ అనుకోవడాన్ని సర్టిఫికెట్ మీద పెడతాడని నాకెట్లా తెలుస్తుంది? మనసులో అనుకుంటాడనుకున్నాను.

ఆంటీ పళ్ళెంలో కుంకుమ, పసుపు, అక్షింతలు తెచ్చింది. తడి చెయ్యి స్టీలుకి తగిలితే తుప్పు పడుతుందని అంకుల్ గోల. బొట్టు చెక్కపిడికి పెట్టు, గొట్టానికి వద్దు అని ఆయన, అయితే నా రైఫిలుకో అని నేను. ఆంటీ నవ్వింది. నవ్వితే నా గొంతు పెరిగిన సంగతి మర్చిపోయిందనుకుని నాకు కాస్త ఊపిరాడింది. రెండు తుపాకుల పిడికీ బొట్టు పెట్టింది. ఆ తరవాత కాగితాలు. నేను ఆయన సర్టిఫికెట్‌లో రైఫిలు వివరాలు రాసి, ఆ ఆదివారం తేదీ వేసి సంతకం పెట్టాను. ఆయన నాదాంట్లో రివాల్వర్ వివరాలు రాసి, సంతకం పెట్టి, మడతపెట్టి ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చాడు. డాక్టర్ల రాత. నేను తెరిచి చూడలేదు.

ఆ రోజు రివాల్వర్‌కి ముప్పైకి పైగా ఫొటోలు తీశాను. ఇవతలివైపు, అవతలివైపు, చక్రం తీసి, పెట్టి. ఆ కాగితానికి ఒక్క ఫొటో కూడా తీయలేదు.

తిరుగుదారిలో మోటర్‌వే సర్వీసెస్‌లో ఆగాను. కారు కనబడేట్టు కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ, ఫోన్లోనే మా కౌంటీ ఆఫీసుకి ఈమెయిల్ రాసేశాను. రైఫిలు ఫలానా ఆయనకి ఇచ్చాను, రివాల్వర్ తీసుకున్నాను, ఈ రోజే. పంపి, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. వారం గడువుంది, గంటలో చేశాను. ఉత్తరం రాయడం, స్టాంపు అంటించడం నా వల్ల కాదు. అంకుల్ మాత్రం ఎప్పుడూ ఉత్తరమే రాస్తాడు.

మూడు వారాలయ్యాక ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసునించి ఫోన్. అదే ఆవిడ. తేదీలు కలవడం లేదంది. మీ ఈమెయిల్‌లో ఒక తేదీ ఉంది, ఆయన ఉత్తరంలో రెండురోజుల తరవాత తేదీ ఉంది, మీ సర్టిఫికెట్ చూడాలి, గురువారం వస్తాను. ఫోన్ పెట్టేసి లాకర్ పక్కనున్న ఫోల్డర్ తెరిచాను. రివాల్వర్ గడిలో అంకుల్ గీతల్లో స్పష్టంగా మంగళవారం తేదీ. దశమి.

ఆ గడి మళ్ళీ చదివాను. మీకిది చిన్న విషయమే. ఒక అంకె. కానీ నాకు ఆ డిసెంబరులో వర్క్ వీసా పొడిగింపు ఉంది. పోలీసు కాగితంలో అబద్ధం ఉందని తేలితే సర్టిఫికెట్ పోతుంది, రివాల్వర్ పోతుంది, వీసా ఫారంలో నీమీద ఏదైనా విచారణ ఉందా అన్న ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగుతుంది. ఆరేళ్ళు కూడబెట్టుకున్నదంతా ఆ ఒక్క గడిలో పడింది. ఏం పోయేది అని అడిగారు కదా. ఇదీ పోయేది.

అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయనకీ వాళ్ళ కౌంటీనించి ఫోన్ వచ్చిందట. నెమ్మదిగానే ఉన్నాడు.

"కంగారుపడకు. నువ్వు ఫోన్లో తేదీ తప్పు కొట్టానని చెప్పు. మీ వయసువాళ్ళు కొడుతూనే ఉంటారు, వాళ్ళకీ తెలుసు."

"అంకుల్, మీ సర్టిఫికెట్ల నేను చేత్తోటి రాసిన. ఆదివారమనే రాసిన."

"అదీ పొరపాటే అను. రోజు మర్చిపోయానను."

"రెండుచోట్ల నేనే తప్పు జేసిన అని చెప్పాల్నా? తేదీ గుర్తులేనోడికి తుపాకీ ఎవడిస్తడంకుల్?"

"నీకేం కాదోయ్. కుర్రాడివి. మందలించి వదిలేస్తారు. నాది ఈ జనవరిలో రెన్యూవల్. డెబ్బయ్ దాటినవాడు తెలిసి తప్పుడు తేదీ వేశాడంటే మతి చెడిందంటారు. ముప్పయ్యేళ్ళుగా ఒక్క మచ్చ లేదు నామీద."

"నామీద మచ్చ పడితే పర్లేదా?"

"నేనట్లా అన్నానా?"

"అట్లనే అంటున్నరు. అసలు ఎందుకేసిన్రంకుల్ ఆ తేదీ? మనసుల పెట్టుకుంటే సరిపోతుండె కదా."

"మీ ఆంటీ పక్కన నిలబడి చూస్తోంది. ఒక అంకె. ఎవరికి నష్టం?"

ఇక్కడ నేను ఒక మాట అన్నాను. రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ వదిలేస్తే నేను కూడా తేదీ మార్చినట్టే. ఏమన్నానంటే, "ఇన్నేళ్ళు డాక్టరీ చేసిన్రు కదా, కేస్ షీటు మీద గూడ మంచిరోజు చూసే రాసిన్రా?"

అవతల లైన్ కట్టయ్యింది.

బుధవారం సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. అంకుల్‌కి తెలియకుండా చేస్తున్నానంది.

"బాబూ, ఆ తేదీ వెయ్యమన్నది నేనే. నా మీద పెట్టు. ముసలిది, చాదస్తం, పట్టుబట్టింది, ఆయన మొహమాటపడ్డాడని చెప్పు."

"చెప్తానాంటీ" అన్నాను. అప్పుడు నిజంగానే చెప్పాలనుకున్నాను.

గురువారం ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసు ఆవిడ వచ్చింది. లాకరు తీసి రివాల్వర్ నంబరు సరిచూసింది. టీ ఇచ్చాను, తాగలేదు. టేబుల్ మీద నా ఈమెయిల్ కాపీ, అంకుల్ ఉత్తరం కాపీ, నా సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టింది.

"ఏది నిజం?" అంది.

"ఆదివారం," అన్నాను.

"మరి ఆయనెందుకు మంగళవారం వేశారు?"

చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. మాకు అష్టమి, నవమి మంచివి కావని, దశమి పండగని, ఆ రోజు ఆయుధాలకి పూజ చేస్తామని. కారుకీ, మెషీన్లకీ బొట్టు పెడతామని. ఆంటీ మాట తీసెయ్యలేక అంకుల్ ఆ తేదీ వేశాడని. ప్రస్థానం గురించి కూడా ఇంగ్లీషులో చెప్పబోయాను, సంచి దగ్గరే తడబడ్డాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. పెన్ను కదల్లేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆ తేదీ వేసేటప్పుడు అది నిజం కాదని ఆయనకి తెలుసా?"

నాకు కోపం వచ్చిన క్షణాలు చాలా ఉన్నాయి. ఆ క్షణంలో కోపం లేదు, అలసట ఉంది. ఆరేళ్ళ అలసట. ఫ్లాట్లు మారిన అలసట, జీపీ చుట్టూ తిరిగిన అలసట, ప్రతి ఫారంలోనూ నేను మంచివాణ్ణని రుజువు చేసుకున్న అలసట.

"తెలుసు," అన్నాను.

ఆవిడ రాసుకున్నది ఆ ఒక్క మాటే.

నాకేం కాలేదు. నెలలోపు ఉత్తరం వచ్చింది, ఇకమీదట కాగితం సరిచూసుకొమ్మని. వీసా వచ్చింది. అంకుల్‌కీ సర్టిఫికెట్ తీసెయ్యలేదు. వాళ్ళ కౌంటీవాళ్ళు ఇంటికొచ్చి మాట్లాడి, గట్టిగా హెచ్చరిక ఉత్తరం ఇచ్చారట. ఇంకోసారి జరిగితే రెన్యూవల్ ఉండదని. అది చదివి ఆయనే తుపాకులన్నీ తీసుకెళ్ళి డీలరుకి అప్పజెప్పాడు. నా రైఫిలు కూడా. దాంతో ఒక్క గుండు కూడా పేల్చలేదట. ఇదంతా నాకు చెప్పింది క్లబ్బు సెక్రటరీ, నేను ఆ తరవాతి నెల రివాల్వర్ పట్టుకుని వెళ్ళినప్పుడు. సెక్రటరీ ఎవరి తప్పూ లేనట్టే చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళకి అది వాతావరణం గురించి చెప్పినట్టే వస్తుంది.

అటునించి అటే వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ తలుపు తీసింది. లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. పైన టీవీ చప్పుడు వినిపిస్తోంది.

"అంకుల్..."

"పడుకున్నారు" అంది. టీవీ చానల్ మారింది. ఇద్దరం విన్నాం.

"ఆంటీ, ఆ రోజు ఫోన్ల నేనన్నది తప్పు. ఆ మాట వరకు తప్పే."

"ఆ మాట ఆయనకి పెద్ద పట్టింపు లేదు బాబూ. ఆపరేషన్ థియేటర్‌లో అంతకన్నా పెద్దవి పడ్డారు." గ్లాసు తీసుకుంది. "నా మీద పెట్టమన్నాను కదా. ఎందుకు పెట్టలేదు?"

"చెప్పినాంటీ. అంతా చెప్పిన. కానీ ఆమె మిమ్మల్ని అడగలే. సంతకం పెట్టింది ఆయన కదా, ఆయన గురించే అడిగింది."

"అడిగితే?"

"ఆయనకి తెలుసా అన్నది."

ఆంటీ గ్లాసు సింకులో పెట్టి వచ్చింది.

"నీకా తుపాకీ అంత కావాలన్నమాట" అంది. తిట్టినట్టు కాదు. కొలత చూసి చెప్పినట్టు.

నేను లేచాను. వచ్చేశాను. ఆ తరవాత ఆ ఇంటికి వెళ్ళలేదు. వాళ్ళు పిలవలేదు.

రెండేళ్ళయింది. రివాల్వర్ నా దగ్గరే ఉంది. కాలుస్తున్నాను, వేడినీళ్ళతో కడుగుతున్నాను, నూనె రాస్తున్నాను. చెయ్యి కుదిరింది, ఈ మధ్య ఆరుకి ఐదు నల్లటి గుండ్రంలో పడుతున్నాయి. మనవాళ్ళలో మాత్రం కథ వేరేగా తిరుగుతోంది. ముసలాయన్ని పోలీసులకి పట్టించాడని. తుపాకీ కోసం తండ్రిలాంటివాణ్ణి అమ్మేశాడని. కోపిష్టివాడు, ఇంకేం చేస్తాడని. అసలు కోపంలో చేసి ఉంటే నాకే తేలిగ్గా ఉండేది.

అబద్ధం ఆయన రాశాడు, రాసిన సంగతి నాకు చెప్పలేదు, బయటపడ్డాక నన్ను మొయ్యమన్నాడు. నన్ను అడిగినదానికి నేను ఉన్నది చెప్పాను. సరే, నేను లేకుండా మీరే ఆ సోఫాలో కూర్చోండి. మీ వీసా డిసెంబరులో ఉంది, ఎదురుగా పెన్ను పట్టుకుని ఆవిడ ఉంది, ఆయనకి తెలుసా అని అడిగింది. తెలియదని చెప్పేవాళ్ళా మీరు? చెప్పి, ఆ తరవాత ఆ తుపాకీ మీ చేతుల్లో ఉండనివ్వమని ఆవిణ్ణి ఏ మొహంతో అడిగేవాళ్ళు?